దండం పెట్టి చూడండి: షుగర్ ఉన్న పిల్లల వేళ్ళనీ కళ్ళనీ ఎలా కనిపెట్టుకోవాలి

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు సింహాచలం కొండ మీద మా మామ్మ చేత తిట్లు తిన్నాను. కప్పస్తంభాన్ని కావలించుకోవడం అయ్యాక అప్పన్న ముందు నిలబడి దండం పెడుతున్నాను. పక్కనుంచి చూసి, "ఏటే ఆ దండం? చేతులు సరిగ్గా కలిపి ఎట్టు. భక్తి లేదేటి?" అంది. గట్టిగా నొక్కాను. అరచేతులు కలిశాయి, వేళ్ళ కొసలు కలిశాయి. మధ్యలో, చిటికెన వేలు దగ్గరా ఉంగరం వేలు దగ్గరా, సందు అలాగే ఉండిపోయింది. నొప్పి లేదు, వాపు లేదు. కానీ ఎంత నొక్కినా ఆ సందు మూసుకోలేదు.

అప్పటికి నాకు టైప్ 1 షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. రోజుకు నాలుగు ఇంజెక్షన్లు, లెక్క లేనన్ని సూది పోట్లు. వేళ్ళు బిగుసుకుంటే అది సూదుల వల్లేమో అనుకున్నాను. ఆ తర్వాత డాక్టరమ్మకి చూపించినప్పుడు ఆవిడ నా చేతులు కలిపించి ఒక్క క్షణం చూసి, "కంటి పరీక్ష ఆఖరిసారి ఎప్పుడు చేయించుకున్నావు?" అని అడిగారు. నేను వేళ్ళ గురించి చెప్తుంటే ఆవిడ కళ్ళ గురించి అడుగుతారేంటి అనిపించింది. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. నేను డాక్టర్ని కాదు. పద్దెనిమిదేళ్ళుగా షుగర్‌తో బతుకుతున్న విశాఖ అమ్మాయిని. మీ ఇంట్లో షుగర్ ఉన్న పిల్లలుంటే, లేదా మీరే ఆ వయసు వాళ్ళయితే, నేను ఆలస్యంగా తెలుసుకున్నవి మీరు ముందే చేసుకోవచ్చు.

మొదటి పని: దండం పరీక్ష

దీనికి ఖర్చు లేదు, పట్టేది రెండు నిమిషాలు. పిల్లని కిటికీకి వీపు పెట్టి కాకుండా, కిటికీ పక్కకి వచ్చేలా నిలబెట్టండి. వెలుగు చేతుల అవతలి వైపు నుంచి రావాలి. రెండు అరచేతులూ గుండె ఎత్తులో కలపమనండి. మోచేతులు కిందికి వేలాడకూడదు. రెండు పక్కలకీ లేచి, ముంజేతులు రెండూ ఒకే గీతలో ఉండాలి. వేళ్ళు కొంచెం ఎడంగా విప్పమనండి. ఇప్పుడు మీరు ఒంగి, మీ కళ్ళు ఆ వేళ్ళ ఎత్తుకి వచ్చేలా పక్కనుంచి చూడండి.

మామూలు చేతుల్లో అరచేయి మొదలు నుంచి వేలి కొస దాకా వేలికి వేలు ఆనుకుని ఉంటుంది. బిగుసుకున్న చేతుల్లో వేళ్ళ మధ్య కణుపుల దగ్గర వెలుగు కనబడుతుంది. ఇది దాదాపు ఎప్పుడూ చిటికెన వేలితోనే మొదలై, ఒక్కొక్కటిగా లోపలి వేళ్ళకి పాకుతుంది. అందుకే నాలుగు వేళ్ళనీ కలిపి ఒక్క చూపులో తేల్చేయకండి, చిటికెన వేలి దగ్గర ఆగి చూడండి.

అనుమానంగా ఉంటే బల్ల పరీక్ష కూడా చేయండి. అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టి వేళ్ళు విప్పమనండి. చెయ్యంతా చపాతీలా పరుచుకోవాలి. కొసలు ఆని మధ్యలో వేలు వంతెనలా లేచి ఉంటే గుర్తు పెట్టుకోండి. చివరగా చేతి వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో చిటికెలా పట్టి లేపండి. పిల్లల చర్మం తేలిగ్గా లేవాలి. మందంగా, మైనం పూసినట్టు మెరుస్తూ, పట్టుకి దొరకకుండా ఉంటే అదీ డాక్టరుకి చెప్పాల్సిన విషయమే.

ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. మూడు నెలలకోసారి, గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకి వెళ్ళే రోజున చేస్తే చాలు. రోజూ చేయించి పిల్లలకి టెన్షన్ పెట్టకండి. మా అమ్మ మొదటి నెలంతా టిఫిన్ ముందు దండం పెట్టించేది. ఇంట్లో గొడవలు తప్ప ఏమీ ఒరగలేదు.

అసలు వేళ్ళకీ కళ్ళకీ సంబంధం ఏంటి

రక్తంలో షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే అది ఒంట్లోని ప్రోటీన్లకి అంటుకుంటుంది. పాకం చేతికి అంటితే వేళ్ళు ఎలా అతుక్కుంటాయో ఊహించుకోండి. చర్మంలో, కీళ్ళ చుట్టూ, కండరాల్ని ఎముకలకి కట్టే స్నాయువుల తొడుగుల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు అలా ఒకదానికొకటి అతుక్కుని, సాగే గుణం పోగొట్టుకుని గట్టిపడతాయి. కీలు లోపల అరిగిపోలేదు. దాని చుట్టూ ఉన్న చొక్కా బిగుతైపోయింది, అంతే. అందుకే నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. అదే ఎక్కువ షుగర్ కంటి వెనక ఉన్న రెటీనాలోని సన్న రక్తనాళాలనీ, కిడ్నీలోని వడపోత నాళాలనీ కూడా దెబ్బతీస్తుంది. అవి బయటికి కనబడవు. వేళ్ళు కనబడతాయి.

పిల్లల్లో ఈ వేళ్ళ బిగుతుని 1970లలో ఫ్లోరిడాలో ఆర్లన్ రోసెన్‌బ్లూమ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు వివరంగా రాశారు. 1981లో వాళ్ళు 309 మందిని చూసి వేసిన లెక్క ఒకటుంది. షుగర్ వచ్చి 16 ఏళ్ళయ్యేసరికి, వేళ్ళు బిగుసుకున్నవాళ్ళలో సన్న రక్తనాళాల దెబ్బ కనబడే అవకాశం 83 శాతం, బిగుసుకోనివాళ్ళలో 25 శాతం. ఈ అంకె చూసి కంగారు పడే ముందు ఇంకో అంకె కూడా చూడండి. అదే చోట 1970ల చివర్లో చూసిన షుగర్ పిల్లల్లో 31 శాతానికి ఉన్న ఈ బిగుతు, 1998లో చూసిన పిల్లల్లో 7 శాతానికి దిగిపోయింది. మధ్యలో మారింది షుగర్‌ని అదుపులో పెట్టే పద్ధతే.

ఒక హెచ్చరిక. దండం బాగా కుదిరిందంటే కళ్ళు బాగున్నట్టు కాదు. ఆ 25 శాతం మంది చేతులు మామూలుగానే ఉన్నాయి మరి. సందు కనబడితే కంటి పరీక్ష త్వరగా చేయించండి. కనబడకపోయినా వేళకి చేయించండి.

రెండో పని: ఇది షుగర్ బిగుతేనా, వేరేదా

షుగర్ పిల్లలకి కీళ్ళలో ఏమొచ్చినా షుగర్ మీదకి నెట్టేయడం మనకి అలవాటు. కీలు వాచినా, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా, పొద్దున్న లేవగానే అరగంటో గంటో పట్టేసి తర్వాత వదులైనా అది నేను చెప్పిన బిగుతు కాదు. టైప్ 1 షుగర్ అంటే ఒంటి రక్షణ వ్యవస్థ తన ఒంటి మీదకే తిరగబడటం. అలాంటి పిల్లల్లో కొందరికి అదే రకం కీళ్ళవాతం కూడా రావచ్చు. దానికి రుమటాలజీ డాక్టరుని చూడాలి. ఆ కీళ్ళవాతం కొన్నిసార్లు ఎరుపూ నొప్పీ లేకుండా కంటి లోపల కూడా వాపు తెస్తుంది, దానికి వేరే కంటి పరీక్షలుంటాయి.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. వేలు ముడిచాక పట్టేసి, టక్కున శబ్దంతో తెరుచుకుంటుంటే దాన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. రాత్రుళ్ళు బొటనవేలి వైపు మూడు వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమో చూపించాలి. చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోతుంటే భుజం పట్టేస్తోందని అర్థం. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళలో పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి, అయినా పెద్దగా నొప్పి లేకపోతే మాత్రం ఆగకండి. దాని మీద నడిస్తే లోపలి ఎముకలు చితికిపోవచ్చు. కాలు కింద పెట్టకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పాదాల్లో స్పర్శ తగ్గిందని డాక్టరు చెప్పిన వాళ్ళు 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చెప్పుల్లేకుండా చేస్తామని మొక్కుకోకండి. అప్పన్న ఏమీ అనుకోడు.

మూడో పని: కంటి పరీక్ష, ఎప్పుడు, ఏది

ముందు ఒక అపోహ తీసేద్దాం. గోడ మీద అక్షరాలు చదవడం కంటి పరీక్షలో ఒక భాగం మాత్రమే. పదో తరగతిలో మా స్కూల్లో పెట్టిన క్యాంపులో నేను ఆఖరి వరస దాకా గడగడా చదివేశాను. "కళ్ళు బ్రహ్మాండం" అని చీటీ రాసిచ్చారు, మా నాన్నగారు దాన్ని ఫైల్లో భద్రంగా దాచారు. రెటీనా దెబ్బతినడం మొదలైన చాలా కాలం వరకూ చూపు చెక్కుచెదరదు. చూపు తగ్గాక తెలిసిందంటే అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయిందన్నమాట. కాబట్టి మీరు అడగాల్సింది రెటీనా పరీక్ష. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి లోపల చూస్తారు, లేదా కెమెరాతో రెటీనా ఫోటో తీస్తారు.

టైప్ 1 అయితే, పిల్లకి 11 ఏళ్ళు నిండి లేదా ఎదిగే వయసు మొదలై, షుగర్ వచ్చి మూడు నుంచి ఐదేళ్ళు అయితే మొదటి పరీక్ష చేయించాలి. ఆ తర్వాత అంతా బాగుంటే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి, ఎంత ఎడంగా అన్నది మీ డాక్టరు చెప్తారు. టైప్ 2 అయితే ఈ లెక్కలేవీ లేవు, షుగర్ ఉందని తెలిసిన వెంటనే చేయించాలి. ఈ రోజుల్లో కాలేజీ పిల్లల్లో కూడా టైప్ 2 కనబడుతోంది, అది ఎన్నాళ్ళ నుంచి లోపల ఉందో ఎవరికీ తెలియదు. పెళ్ళై పిల్లల్ని కనాలనుకునే అమ్మాయిలు గర్భానికి ముందే ఒకసారి, నెల తప్పాక మొదటి మూడు నెలల్లో ఇంకోసారి చేయించుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు రెటీనా సమస్య వేగంగా ముదరొచ్చు.

మన ఊళ్ళో దీనికి దూరం పోనక్కర్లేదు. పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హైవే మీద వెంకోజీపాలెం దాటితే హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ వాళ్ళది, వేపగుంట వైపు శంకర్ ఫౌండేషన్ వాళ్ళది ఉన్నాయి. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో షుగర్‌కి చూపించుకునేవాళ్ళు అక్కడి డాక్టరునే కంటి పరీక్షకి చీటీ రాసిమ్మని అడగండి. లేజర్ లాంటివి అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందేమో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని ముందే కనుక్కోండి.

ఆ రోజు ఎలా గడపాలి

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త సాగదీస్తున్నాను. పరీక్ష అనగానే మనవాళ్ళు పరగడుపున బయల్దేరతారు. కంటి పరీక్షకి ఆ అవసరం లేదు. రోజూలాగే ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ తిని వెళ్ళండి. నంబరు పిలవడానికి, చుక్కలు పనిచేయడానికి కలిపి మూడు నాలుగు గంటలు గడిచిపోతాయి. మధ్యలో షుగర్ పడిపోయి లో షుగర్ అయితే అక్కడి క్యాంటీన్ వెతుక్కునే పని పెట్టుకోకుండా గ్లూకోజ్ పొడో, పంచదారో, జ్యూస్ డబ్బానో సంచిలో ఉంచండి.

తోడు ఒకరు ఉండాలి. చుక్కలు వేశాక నాలుగు నుంచి ఆరు గంటలపాటు దగ్గరివి మసకగా కనబడతాయి, వెలుతురు చూస్తే కళ్ళు జిగేల్మంటాయి. ఒకసారి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకుందామని పెన్ తిప్పితే దాని మీద ఆరో, ఎనిమిదో తెలియలేదు. గ్లూకోమీటర్ అంకెలు కూడా అంతే. చివరికి పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ కళ్ళజోడు సరిచేసుకుని, "ఆరమ్మా, ఆరే" అని చదివి పెట్టారు. ఆవిడకి శుక్లం ఆపరేషన్ అయి వారం కూడా కాలేదట. కాబట్టి తోడొచ్చిన వాళ్ళ చేత అంకె చదివించాకే సూది వేసుకోండి. బండి తోలకండి. మిట్టమధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద ఆ కళ్ళతో స్కూటీ నడపడం ఆత్మహత్యే. ఆటోలో రండి, నల్లద్దాలు పెట్టుకోండి.

రిపోర్టు చేతికిచ్చాక "బానే ఉందన్నారు" అని ఇంటికొచ్చేయకండి. మూడు ప్రశ్నలు అడగండి. రెటినోపతి, అంటే షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం, ఉందా, ఉంటే ఏ దశ? మాక్యులాలో, అంటే చదవడానికి వాడే మధ్య భాగంలో, నీరు చేరిందా? మళ్ళీ ఎప్పుడు రావాలి? తొలి దశలో సన్న నాళాలు అక్కడక్కడ బుడిపెల్లా ఉబ్బి ఎర్ర చుక్కల్లా కనబడతాయి. నాకు మొదటి పరీక్షలో కనబడ్డవి అవే. ఈ దశలో మందులేమీ ఇవ్వరు. షుగర్, బీపీ సరిచేసుకోమంటారు. చివరి దశలో రెటీనా మీద కొత్త నాళాలు మొలుస్తాయి. ఇవి పెళుసువి, చిట్లి కంట్లో రక్తం కారుతుంది. దానికి లేజరో, కంట్లో ఇంజెక్షనో అవసరమవుతుంది. కంట్లో ఇంజెక్షనంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ ముందు మత్తు చుక్కలు వేస్తారు, సూది కంటే ఎదురుచూపే భయం.

కళ్ళజోడు కొనే ముందు

షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు, తర్వాత మందుతో దిగుతున్నప్పుడు కంటిలోని లెన్స్ ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. దాంతో చూపు వారానికొక రకంగా మారుతుంది. నాకు షుగర్ ఉందని తెలిసిన వారమే జగదాంబ దగ్గర ఒక షాపులో కంప్యూటర్ పెట్టి చూసి పవర్ రాసి అద్దాలు అంటగట్టారు. నెల తిరిగేసరికి ఆ అద్దాలు పెట్టుకుంటేనే తల తిరిగేది. షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే పవర్ చూపించుకోండి. అలా ఆగినా మసక పోకపోతే శుక్లం ఉందేమో చూడమనండి. శుక్లం ముసలివాళ్ళకే అనుకుంటాం గానీ, షుగర్ ఉన్నట్టు తెలియక చాలాకాలం గడిచిపోయిన పిల్లల్లో కూడా అప్పుడప్పుడు వస్తుంది.

నాలుగో పని: బిగుసుకున్న వేళ్ళతో రోజు గడవడం

వేడినీళ్ళ స్నానం అయ్యాక వేళ్ళు కాస్త వదులుగా ఉంటాయి. అప్పుడే అరచేతులు కలిపి మెల్లగా నొక్కి కొన్ని సెకన్లు ఉంచడం, ఒక చేత్తో రెండో చేతి వేళ్ళని వెనక్కి వంచడం లాంటివి చేయాలి. ఒకసారి ఫిజియోథెరపీ వాళ్ళ దగ్గర చూసి నేర్చుకోండి. నొప్పి పుట్టేదాకా లాగకండి. దీనివల్ల ఉన్న కదలిక నిలుస్తుంది. పాతబడిన బిగుతు పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోవద్దు. స్పర్శ తగ్గిన చేతులతో నీటి వేడి చూడకండి, వేరేవాళ్ళని చెయ్యి పెట్టి చూడమనండి.

సూది పోటు వేలి కొస మధ్యలో కాకుండా పక్కన పొడవండి, వేళ్ళు మారుస్తూ ఉండండి. పెన్ బటన్ నొక్కడం కష్టమవుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. సగం నొక్కి తీసేసిన సూది వల్ల షుగర్ పెరిగితే, తప్పు తిండి మీదకి పోతుంది. నాకు ఇంటర్ రెండో ఏడాదంతా అదే జరిగింది. దొంగచాటుగా స్వీట్లు తింటున్నానని ఇంట్లో అందరి అనుమానం.

ట్రిగ్గర్ ఫింగర్‌కో, భుజానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే ముందుగా మీకు షుగర్ ఉందని చెప్పండి. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ అమాంతం పెరగొచ్చు. ఆ రోజుల్లో ఇన్సులిన్ ఎంత పెంచాలో మీ షుగర్ డాక్టరుని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళకి ఒక మాట. మామూలుగా వ్యాయామం మంచిదే, మానకండి. కానీ రెటీనాలో కొత్త నాళాలు ఉన్నాయని చెప్పినవాళ్ళు, కంటి డాక్టరు సరేననేదాకా ఊపిరి బిగబట్టి బరువులెత్తడం, తల కిందులుగా వేలాడటం చేయకూడదు.

ఐదో పని: షుగర్ అంకె

1993లో వచ్చిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం దీనికి ఆధారం. 13 నుంచి 39 ఏళ్ళ మధ్య ఉన్న 1,441 మంది టైప్ 1 వాళ్ళని రెండు గుంపులు చేశారు. షుగర్‌ని గట్టిగా అదుపు చేసిన గుంపులో కొత్తగా రెటీనా సమస్య రావడం 76 శాతం తగ్గింది. ఇప్పుడు పిల్లలకి కూడా సాధారణంగా హెచ్‌బీఏ1సీ 7 శాతం కంటే తక్కువ ఉండాలంటారు. మాటిమాటికీ లో షుగర్ అయ్యే పిల్లలకి ఆ గీత కొంచెం మారుస్తారు.

ఇందులో ఒక మెలిక ఉంది. 11, 12 శాతంలో ఉన్నవాళ్ళు ఉత్సాహంగా రెండు మూడు నెలల్లో 7కి దింపేస్తే, అప్పటికే ఉన్న రెటీనా సమస్య కొన్నాళ్ళు ముదిరినట్టు కనబడొచ్చు. ఆ భయంతో అదుపు మానేయకండి, దీర్ఘకాలంలో లాభమే. కాకపోతే ఇన్సులిన్ పంపు పెట్టుకునే ముందో, మందు మార్చే ముందో కళ్ళు చూపించుకుని, తర్వాత కొన్ని నెలలకి మళ్ళీ చూపించుకోండి. కంటి పరీక్ష జరిగే వారంలోనే బీపీ, మూత్రంలో మైక్రోఅల్బుమిన్ పరీక్షలు కూడా చేయించేస్తే కిడ్నీ సంగతి కూడా తేలిపోతుంది.

ఆగకూడని సందర్భాలు

కంటి ముందు ఉన్నట్టుండి నల్ల చుక్కలు, సాలెగూడు పోగులు బోలెడు తేలడం, మెరుపులు, పక్కనుంచి తెర దిగినట్టు అనిపించడం, ఒక కన్ను హఠాత్తుగా మసకబారడం. వీటిలో ఏది కనబడినా పండగైనా ఆదివారమైనా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పి లేదు కదా అని తెల్లారేదాకా చూడకండి. అప్పుడప్పుడు ఒక కన్ను మూసి రెండో కంటితో గోడ మీద క్యాలెండర్ చూడటం పిల్లలకి అలవాటు చేయండి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది.

నేను ఏటా పుట్టినరోజు వారంలో చేయించుకుంటాను, తేదీ మర్చిపోయే పని లేదు. కిందటిసారి మామ్మని కూడా తీసుకెళ్ళాను. షుగర్ మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్ళయినా ఆవిడ కంట్లో ఎప్పుడూ చుక్కలు వేయించుకోలేదు. బయటికొచ్చాక ఎండకి కళ్ళు చిట్లించి, నా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కుతూ, "నీ దండం సంగతి ముందే చెప్పింది నేనే గదే" అంది.